సేపలేట

భావనపాడు ఒడ్డున ఇనప స్తంభానికి బిగించిన హెచ్చరికల పెట్టె మూగబోతే ఊళ్లో ఎవరూ బెంగపెట్టుకోలేదు. అది మాట్లాడినన్నాళ్లూ పట్టించుకోనివాళ్లు, ఇప్పుడు మాట్లాడటం లేదని పట్టించుకోవడానికి వాళ్లకేం పనిలేదా? స్తంభం మీద వాలే కాకులకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

బెంగంతా శైలజది. బుధవారం పొద్దున్న టెక్కలిలో బస్సు దిగి ఆటో ఎక్కింది. గోతి వచ్చినప్పుడల్లా లాప్‌టాప్ సంచీని చంటిపిల్లలా పొదువుకుంటూ ఒడ్డుకు చేరింది. నిచ్చెన వేయించుకుని, చున్నీ నడుముకు బిగించి స్తంభం ఎక్కింది. ఈ పెట్టెలు తయారుచేసే కంపెనీ ఆమెను ఒంటరిగా ఒక ఊరికి పంపడం ఇదే మొదలు. మూత తెరిచి చూస్తే ఉప్పుగాలి తన పని తాను చేసేసింది. లోపల అరచేతిలో పట్టేంత కంప్యూటరు ఉంటుంది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. దాని జ్ఞాపకమంతా గోరంత మెమరీ కార్డులో ఉంటుంది. ఆ కార్డుకు పచ్చగా చిలుము పట్టి ఉంది. శైలజ పెట్టెను విప్పి కిందికి దించుకుని, పాత కార్డు పీకి కొత్తది పెట్టింది. ఇంతేనా, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోవచ్చు అనుకుంది. అలా అనుకోకుండా ఉండాల్సింది.

పెట్టెకు సముద్రం కబుర్లు ఇంటర్నెట్‌లో వస్తాయి. అందుకోసం అది మత్స్యకార సొసైటీ ఆఫీసులోని వైఫైని పట్టుకోవాలి. ఆ వైఫై పాస్‌వర్డు పాత కార్డుకు గుర్తుండేది. కార్డుతో పాటే అదీ పోయింది. పాస్‌వర్డు పెట్టిన మనిషి సొసైటీ ప్రెసిడెంటు సోములు. ఆయన గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిపోయాడు.

ఆఫీసు తాళాలు సోములు భార్య తాతమ్మ బొడ్లో ఉన్నాయి. శైలజ వెళ్లేసరికి ఆవిడ ఒడ్డున పరిచిన పాత వల మీద నెత్తళ్ల చేపలు ఆరబోస్తోంది. ఒక్కో దోసెడూ తీసి, విత్తనాలు జల్లినట్టు పలచగా జల్లి, ముద్దకట్టినవాటిని వేళ్లతో విడదీస్తోంది. శైలజ మాట్లాడుతున్నా చేతులు ఆగలేదు.

"మా బావ ఒడ్డున నేడమ్మా. సంద్రం మీదున్నన్నాళ్లు ఫోను పలకదు. ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలీదు."

"వైఫై పాస్‌వర్డు మీకేమైనా చెప్పి వెళ్లారా, పిన్నిగారూ?"

"సెప్పకేటి? నాకు తప్ప ఎవలికీ సెప్పనేదు. రాసి పెడితే ఎవలో ఒకలు సూసీస్తారని నాకు నోటికి నేర్పీసి ఎల్లినాడు."

తాతమ్మ చేతులు దులుపుకుని లేచింది. అటూ ఇటూ చూసింది. కాకులు తప్ప ఎవరూ లేరని తేల్చుకుని, శైలజ చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పింది.

"సేపలేట."

శైలజకు నవ్వొచ్చింది. చేపల వేట! చేపలు పట్టేవాళ్లు ఇంకేం పెట్టుకుంటారు?

ఆఫీసులో బల్ల మీద పెట్టెను పెట్టి, లాప్‌టాప్ నుంచి దానికి తీగ కలిపింది. తెర లేని కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి వేరు. బొమ్మలుండవు, నొక్కడానికి బొత్తాలుండవు. నల్లటి కిటికీలో ఒక తెల్లటి గీత మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. మనం ఒక ఆజ్ఞ రాయాలి, అది ఒక జవాబు రాస్తుంది. శైలజకు ఈ పద్ధతంటే ఇష్టం. ఇక్కడ ఎవరూ యాస వినరు. చుట్టుపక్కల ఏయే వైఫైలున్నాయో చెప్పమని రాసింది. వరసగా పేర్లు వచ్చాయి. గంగమ్మ అన్న పేరు అన్నిటికంటే పైనుంది, సిగ్నల్ నిండుగా ఉంది, దానికి తాళం ఉందని పక్కనే రాసి ఉంది. సొసైటీది అదే.

ఇక కలపడమే. పాస్‌వర్డును ఆజ్ఞలోనే రాసేసేవాళ్లుంటారు. శైలజ ఆ పని ఎప్పుడూ చెయ్యదు. అలా రాస్తే అది కంప్యూటర్ జ్ఞాపకంలో మిగిలిపోతుంది, తరవాత కూర్చున్నవాడు పైబాణం మీట నొక్కితే చాలు, బయటపడిపోతుంది. అందుకని పాస్‌వర్డు విడిగా అడగమని రాసింది. అది అడిగింది. ఇలా అడిగినప్పుడు మనం కొట్టే అక్షరాలు తెర మీద కనబడవు. చీకట్లో అన్నం కలుపుకున్నట్టు వేళ్లకు తెలియాల్సిందే. శైలజ వేళ్లు టకటకా కొట్టేశాయి. ఎంటర్ నొక్కి, గోడ మీద సొసైటీ క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

కాసేపటికి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. రహస్యం కావాలి, నువ్వు ఇవ్వలేదు అని దాని భావం.

ఇచ్చాను కదా అనుకుంది శైలజ. వేలు జారిందేమోనని నింపాదిగా మళ్లీ కొట్టింది. అదే జవాబు. మొదటి అక్షరం పెద్దది చేసింది. రెండు మాటల మధ్య ఖాళీ ఇచ్చింది. దీర్ఘాలు పెంచింది, తగ్గించింది. రహస్యం కావాలి, ఇవ్వలేదు.

గుమ్మం దగ్గరికొచ్చి కేకేసింది. "పిన్నిగారూ, వెనకాల అంకెలేమైనా ఉన్నాయా?"

"అంకెలేటీ నేవు. సేపలేట. అంతే."

"చేపల వేట. అంతే కదా?"

"అంతే. సేపలేట."

సాయంత్రానికి శైలజ వేళ్లు నొప్పులు పుట్టాయి. తన ఫోన్‌లోని నెట్‌కు కలిపి చూస్తే పెట్టె బుద్ధిగా కలిసింది. అంటే దానికి ఏ రోగమూ లేదు. కానీ రేపు తాను వెళ్లిపోతే ఫోనూ తనతో పోతుంది. ఊళ్లోదాన్ని పట్టుకుంటేనే లెక్క.

అప్పుడే మేనేజర్ ఉదయభాస్కర్ ఫోన్ చేశాడు. ఆయన మంచివాడే, ఎవరి మీదా గొంతు పెంచడు. అదే శైలజకు బాధ. కిందటేడు ఒక మీటింగులో పెట్టె పనితీరు వివరిస్తూ ఆమె "సూడండి సార్, గాలి వస్తాది కదా" అంది. ఉదయభాస్కర్ చిరునవ్వు నవ్వి, "మా అమ్మాయిది ఎస్.కోట దగ్గర పల్లె, ఏమీ అనుకోకండి" అని అందరికీ క్షమాపణ చెప్పాడు. తప్పు చేస్తే క్షమాపణ చెప్పొచ్చు. ఆమె పుట్టినందుకు ఆయన క్షమాపణ చెప్పాడు. మర్నాటి నుంచి ఆమెను ఫోన్లు ఎత్తే పని నుంచి తప్పించి, వెనక గదిలో తీగలు అతికే పనిలో పెట్టాడు. ఆ రోజు నుంచి శైలజ తన నోటికి తానే కాపలా కాసుకుంటోంది.

"రౌటర్ రీసెట్ కొట్టెయ్యొచ్చుగా?" అన్నాడు.

"కొడితే ఇంటర్నెట్ కంపెనీవాళ్ల సెట్టింగులు కూడా పోతాయి సార్. వాళ్ల మనిషి వచ్చేవారం గానీ రాడట."

"శుక్రవారం పొద్దున్న మత్స్యశాఖ నుంచి జగదీశ్వరి మేడమ్‌ని తీసుకొస్తున్నాను. ఈ పెట్టెలు అన్ని ఊళ్లకూ కావాలా వద్దా అని తేల్చేది ఆవిడే. అప్పటికి పని చెయ్యకపోతే విప్పి పట్టుకొచ్చెయ్యండి. ఇంకో ఊళ్లో బిగిద్దాం." కాస్త ఆగి మెత్తగా అన్నాడు. "మిమ్మల్ని ఒంటరిగా పంపడం తొందరపాటేమో శైలజా. పరవాలేదు, మళ్లీ లోపలి పని చూసుకుందురుగాని."

ఆ పరవాలేదు అన్న మాట ఆమెకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

బస్సు తప్పిపోయింది కాబట్టి ఆ రాత్రి తాతమ్మ ఇంట్లోనే. వేడన్నంలో నెత్తళ్ల పులుసు పోసి, తాతమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"తినీ, తినీ. సిగ్గుపడీకు. నువ్వు రేడియోలాగ మాటాడతావే? మీదే ఊరు?"

"విశాఖపట్నం అండీ."

అబద్ధం గొంతులో ముల్లులా గుచ్చుకుంది. శైలజ నీళ్లు తాగింది.

"ఆ పెట్టె కోసం మా బావ ఎన్ని ఆఫీసులు తిరిగినాడో," అంది తాతమ్మ. "మా మేనల్లుడు ధర్మేంద్ర గాలిలో సిక్కుకుపోనాడు. ఆ పొద్దు సంద్రం బాగోదని ఎవలూ సెప్పనేదు. పడవ దొరికింది గానీ గుంటడు దొరకనేదు." ఇంకో గరిటె పులుసు పోసింది. "అది మాటాడాలమ్మా. దాన్ని పట్టుకుపోకండి."

పట్టుకుపోయేది తానేనని శైలజ ఎలా చెబుతుంది?

గురువారం పొద్దున్నుంచీ మళ్లీ అదే వరస. చేపను ఇంగ్లీషులో రాసింది. వేటను ఇంగ్లీషులో రాసింది. రెండూ తిరగేసి రాసింది. పెట్టె మర్యాదగా ప్రతిసారీ ఒకే మాట చెప్పింది. పది గంటలకు ఆమె ఓపిక చచ్చిపోయింది. చేపలు తిరగేస్తున్న తాతమ్మ దగ్గరికి వెళ్లి, "కొంచెం సరిగ్గా గుర్తు తెచ్చుకోండి పిన్నిగారూ, ఇంకేదో అని ఉంటారు" అంది.

తాతమ్మ నడుం నిటారుగా పెట్టి చూసింది. "నాకు సదువు నేదు గానీ సెవుడు నేదు. మా బావ ఏటి సెప్పినాడో అదే సెప్తన్నాను. నీ మిసనుకే ఇనపడతా నేదు."

పక్కనున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు. శైలజకు తల కొట్టేసినట్టయింది. తననెవరైనా ఇలా అడిగితే తానెంత రగిలిపోయేది! చెప్పులు చేత్తో పట్టుకుని, మొహం కడుక్కుందామని నీళ్ల వైపు నడిచింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కింద ఏముందో చూసుకోలేదు. ఎవరో వలలోంచి తీసి పారేసిన జెల్ల చేప ఒకటి ఇసకలో పడుంది. చచ్చినా జెల్ల ముల్లు ముల్లే. అరికాల్లో కసుక్కున దిగింది.

"ఓలమ్మో! సచ్చాన్రా నాయినో!"

ఆ కేకకు స్తంభం మీది కాకులు లేచిపోయాయి. శైలజ ఇసకలో కూలబడి కాలు పట్టుకుంది. "ఓలమ్మ, ఓలమ్మ, ఏటిది, కాలు పోనాదే!" ముందు పరుగెత్తుకొచ్చింది తాతమ్మే. కాలు ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో మడమ బిగబట్టి, ఒక్క లాగుతో ముల్లు పీకేసింది. రక్తం బొటబొటా కారింది. ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని ఆఫీసు గదిలోకి నడిపించారు. ఎవరో పొయ్యి మీది వేణ్ణీళ్లు తెచ్చి బేసిన్‌లో పోశారు. జెల్ల ముల్లు పోటుకు వేణ్ణీళ్లే మందు. ఓర్చుకోగలిగినంత వేడిలో పాదం ముంచాక శైలజకు ఊపిరి తిరిగింది.

తాతమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేకపోతోంది. "ఇశాపట్నం పిల్ల సచ్చాను అంటాదేటే? ఇశాపట్నంలో చచ్చిపోతారు కాదేటి?"

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. శైలజకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. ఎన్నాళ్లుగానో బిగబట్టినదేదో నొప్పితో పాటే వదిలిపోయినట్టయింది.

"మాది ఎస్.కోట కాడ పిన్నీ. నిన్న అబద్ధం సెప్పీసినాను."

"మరలాగ సెప్పు! మన దేశం గుంటవే!" తాతమ్మ ఆమె తల నిమిరింది. పొద్దున్నటి కోపం ఆవిడ మొహంలో ఎక్కడా లేదు. "అబద్దమెందుకే ఆడినావు?"

శైలజ నీళ్లలో పాదాన్ని అటూ ఇటూ ఆడించింది. తాతమ్మ తవ్వలేదు, బేసిన్‌లో ఇంకాస్త వేణ్ణీళ్లు పోస్తూ తన ధోరణిలో తాను పడింది. "ఆ మాట పెట్టినపుడు మిసను దగ్గర మా బావ కూడా ఇలాగే ఆపసోపాలు పడినాడే. నాను పక్కనే ఉన్నాను. ముందు సేప అని కొట్టినాడు. సాల్దంది. సేపలు అని కొట్టినాడు. అదీ సాల్దంది. ఒళ్లు మండి సేపలేట అని కొట్టినాడు. అప్పుడు నోరు మూసుకుని ఒప్పుకుంది."

శైలజ కాలు కదలడం మానేసింది. చాలదంటుంది, అవును. ఇలాంటి తాళానికి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకు తగ్గితే ఒప్పుకోదు. చేప, చేపలు, చేపల వేట. బేసిన్‌లో వేలు ముంచి, గచ్చు మీద తడివేలితో తాను కొడుతున్నది ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. రెండు రోజులుగా తెర మీద కనబడకుండా దాగిన అక్షరాలు మొదటిసారి కళ్లెదుట పడ్డాయి. మొట్టమొదట ఉన్నది సీ. దాని పక్కన హెచ్.

ఆమె గచ్చు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మాటను తాతమ్మ ఒక్కసారైనా 'చ'తో అనలేదు. చెవిలో చెప్పినప్పుడూ అనలేదు, కేకేసినప్పుడూ అనలేదు. ఆవిడ చెప్పింది వింటూ వింటూనే తన వేళ్లు దాన్ని దిద్దేశాయి. ఎవరూ దిద్దమనలేదు. ఉదయభాస్కర్ ఇక్కడ లేడు, అయినా ఆయన పని తానే చేసిపెట్టింది. శైలజకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో కాదు, తన మీదే.

"పిన్నీ, ఇంకోపాలి సెప్పు. మెల్లిగా."

"సే. ప. లే. ట."

అందులో 'వ' కూడా లేదు. లాప్‌టాప్ ఒళ్లోకి తీసుకుని, ఆజ్ఞ రాసింది. పెట్టె రహస్యం అడిగింది. సోములు తన నోట్లో మాటను ఎలా కొట్టి ఉంటాడో అలాగే, ఎస్‌తో మొదలుపెట్టి, విన్నది విన్నట్టు కొట్టింది. సరిగ్గా ఎనిమిది అక్షరాలు. ఎంటర్ నొక్కింది. తెల్లటి గీత మిణుకుమంది. తాతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జవాబు వచ్చింది. ఈసారి రహస్యం ఊసు లేదు. కలిసింది అని రాసింది.

"ఏటంటందే?"

"ఒప్పుకుంది పిన్నీ! పట్టీసింది! నువ్వు సెప్పిందే కరెక్టు!" బేసిన్‌లో పాదం ఉందన్న సంగతి మరిచి లేచింది. నీళ్లు గదంతా ఒలికాయి.

"నాను సెప్పనేదేటి!" అంది తాతమ్మ గుమ్మం బయటున్న ఆడవాళ్లందరికీ వినబడేలా. "నాకు సెవుడు నేదని!"

ఆ తరవాత శైలజ తొందరపడలేదు. కరెంటు పోయి వచ్చినా పెట్టె తనంతట తానే గంగమ్మను పట్టుకోవాలని రాసింది. దాచిన పాస్‌వర్డును ఇంకెవరూ తెరవకుండా తాళం వేసింది. పెట్టె ఆపి, మళ్లీ పెట్టి, ఎవరి సాయమూ లేకుండా అది కలవడం కళ్లారా చూసింది. కుంటుతూనే నిచ్చెన ఎక్కి స్తంభానికి బిగించింది. ఇక దాంతో మాట్లాడటానికి తీగ అక్కర్లేదు, కింద కూర్చుని వైఫై మీదే ఆజ్ఞలు రాయొచ్చు.

మధ్యాహ్నం మూడింటికి పెట్టె గొంతు సవరించుకుంది. పట్నంలో రికార్డు చేసిన తియ్యటి గొంతు అది. "సముద్రం అల్లకల్లోలముగా ఉండు సూచన కలదు. మత్స్యకారులు రేపు వేటకు వెళ్లరాదు."

శైలజ ఛాతీ ఉప్పొంగింది. ఒడ్డంతా కలయజూసింది. ఆడవాళ్లు తలెత్తి, దించుకుని, చేపలు తిరగేస్తున్నారు. కాస్త దూరంలో తాతమ్మ మరిది గంగులు, తెల్లారి వేటకోసం పడవలోకి వల మడతలు పేరుస్తున్నాడు. అతను ఆగను కూడా లేదు.

శైలజ కుంటుకుంటూ వెళ్లింది. "విన్నారా?"

"ఇన్నాను. ఎవలికో వార్తలు సదువుతన్నాది."

"మీకే! వేటకు వెళ్లరాదు అంది."

"అదే నాకు నవ్వొస్తాది," అన్నాడు గంగులు వల వదలకుండా. "ఎల్ల రాదంట. మాకు ఎల్లడం రాకపోడమేటి? పుట్టినకాడ్నించి ఎల్తన్నాం. దానికి రాదేమో!"

పడవ మీది వాళ్లంతా గొల్లుమన్నారు. శైలజ నవ్వలేకపోయింది. అతను వేళాకోళం ఆడటం లేదు. ఈత రాదు, వంట రాదు అన్నట్టే వెళ్లరాదు అన్నది అతని చెవిన పడింది. ఇన్నాళ్లూ పెట్టె ఈ ఒడ్డున నిలబడి ఈ మనుషులకే, మీకు వెళ్లడం తెలీదు అని చెబుతూ వచ్చింది. పాస్‌వర్డు దొరికింది, సిగ్నలు నిండుగా ఉంది, పెట్టె కలిసింది. ఊరితో మాత్రం కలవలేదు.

ఆఫీసు తలుపు దగ్గరికేసి కూర్చుంది. గొంతు మార్చాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఉదయభాస్కర్‌ని అడిగితే ఏమంటాడో తెలుసు. అడక్కుండా మారిస్తే ఉద్యోగం పోతుందా? పోవచ్చు. ఇంటి దగ్గర అమ్మా నాన్నా తన జీతం మీదే బోరు వేయించాలనుకుంటున్నారు. ఇవన్నీ ఆలోచించింది. గంగులు పడవ తెల్లారి కదులుతుందని కూడా ఆలోచించింది. భయం వేసింది, బాగానే వేసింది. అయినా లాప్‌టాప్ తెరిచింది.

పాత గొంతును చెరిపెయ్యలేదు, వేరే పేరు పెట్టి పక్కన దాచింది. తాతమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుంది, మాట్లాడటానికి ఎదుట మనిషి ఉండాలి కదా. ఆవిడ మొహంలోకి చూస్తూ మైకు నొక్కింది. మొదటిసారి నోరు పాత అలవాటుకొద్దీ చదివేసింది. తాతమ్మ తల అడ్డంగా ఊపింది. రెండోసారి శైలజ, ఇంట్లో నాన్న వాన మబ్బు చూసుకోకుండా పొలానికి బయల్దేరుతుంటే ఎలా అరిచేదో అలా అరిచింది. తాతమ్మ కళ్లు తుడుచుకుని, "ఇది సాలు," అంది.

శుక్రవారం తెల్లవారుతుండగా ఒడ్డు గాలి వెచ్చగా, వింతగా ఉంది. సముద్రం పైకి నెమ్మదిగానే కనబడుతోంది. గంగులూ అతని జట్టూ పడవ కింద దుంగలు పరిచి, భుజాలు ఆనించి తోస్తున్నారు. ముక్కు నీళ్లలో దిగింది. మరో మూడు పడవలు వెనకాలే సిద్ధంగా ఉన్నాయి. శైలజ స్తంభం పక్కన నిలబడింది.

పెట్టె కిర్రుమంది.

"ఒరే, ఇనండర్రా! సంద్రం బాగోనేదు. గాలి లేస్తాది. ఇయ్యాల ఏటకి ఎల్లకండి. ఎల్లినోలుంటే బేగి వచ్చీయండి. పడవలు పైకి లాగీయండి. ఇంటికాడ ఎదురుసూస్తన్నారు, ఇన్నారా?"

తోస్తున్న భుజాలు ఆగిపోయాయి. గంగులు చప్పున తల తిప్పాడు, ఇంట్లోంచి ఎవరో పిలిస్తే తిరిగినట్టే. స్తంభం వైపు చూశాడు. పెట్టె రెండోసారి అదే చెప్పింది. వెనక పడవ మీదున్న ముసలాయన, "ఎవలిదిరా ఆ గుంట?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గంగులు నీళ్ల వైపొకసారి, దక్షిణం మూల ఆకాశం వైపొకసారి చూసి, భుజం పడవకు ఆ పక్క నుంచి ఈ పక్కకు మార్చాడు.

"లాగండ్రా ఎనక్కి. సెప్తంది కదా."

పడవ ముక్కు నీళ్లు కారుతూ ఇసకలోకి వచ్చింది. దాని వెనక రెండోది, మూడోది, నాలుగోది. శైలజ స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. జీవితంలో ఆమె గొంతు విని ఇంతమంది ఒక పని చెయ్యడం ఇదే మొదటిసారి. ఆనందం పట్టలేక కళ్లు ఆగలేదు.

కంపెనీ జీపు వచ్చేసరికి గాలి విసురుకొస్తోంది. సరుగుడు తోపు వంగి లేస్తోంది. కెరటాలు నిన్న నెత్తళ్లు ఆరబోసిన చోటుదాకా ఎక్కాయి. జగదీశ్వరి చీర కుచ్చిళ్లు పట్టుకుని దిగి, ఇసకలో పైదాకా లాగి తాళ్లతో కట్టిన పడవలన్నిటినీ చూసింది. వచ్చే దారిలో రెండు ఊళ్లు చూశాం, అక్కడ పడవలింకా రాలేదని ఆడవాళ్లు ఒడ్డున నిలబడి ఉన్నారు అంది. అదృష్టం బాగుండి అవన్నీ ఆ పూటే తిరిగొచ్చాయని సాయంత్రానికి తెలిసింది గానీ, ఆ క్షణాన ఆవిడ మొహంలో రక్తం లేదు.

"ఇక్కడ ఎందుకు ఆగారు?" అని గంగుల్ని అడిగింది.

"ఆ పెట్టె అరిసింది మేడం. మా ఇంటిది అరిసినట్టే. ఆగకపోతే బాగుంటాదేటి?"

సరిగ్గా అప్పుడే పెట్టె మళ్లీ పలికింది. ఒరే, ఇనండర్రా అంటూ మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఉదయభాస్కర్ మొహం ఎర్రబడింది. "మేడమ్, ఇది మా రికార్డింగు కాదు. ఏదో పొరపాటు జరిగింది. యాస కొంచెం... ఏమీ అనుకోకండి."

శైలజ కుంటుకుంటూ ముందుకొచ్చింది. ఆయన మళ్లీ క్షమాపణ చెబుతున్నాడు. ఈసారి ఆమె తల దించుకోలేదు.

"పొరపాటు కాదు సార్. ఆ గొంతు నాదే. నేనే పెట్టినాను. పాతది పదిలంగా దాచినాను, కావాలంటే ఇప్పుడే మళ్లీ ఎట్టీగలను. ఎట్టీమంటారా?"

ఉదయభాస్కర్ చూపు శైలజ మీద నుంచి కట్టి ఉన్న పడవల మీదికి, వాటి వెనక లేస్తున్న కెరటాల మీదికి పోయింది. పడవ అంచు మీద కూర్చున్న తాతమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"అన్ని ఊళ్లకూ పెట్టెలు కావాలి," అంది జగదీశ్వరి. "కానీ ఈ గొంతుతోనే కావాలి. ఇలా అరిచేదే."

ఉదయభాస్కర్ కళ్లద్దాలు తీసి, ఉప్పుతడి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. మొదటిసారి చూస్తున్నట్టు శైలజ వైపు చూశాడు. అడగలేక అడిగాడు.

"మిగతా హెచ్చరికలన్నీ కూడా మీరే చదివిపెడతారా, శైలజా?"

"సదవను సార్," అంది శైలజ. "సెప్తాను."